ముసుగుకు సాహెబు జాకెట్టు

మనవరాలి లగ్గానికి బెల్లం మూట నెత్తిన పెట్టుకుని తెలంగాణ వైపు నుంచి మహారాష్ట్రలోని మన గడ్చిరోలి జిల్లాలోకి వస్తున్న ఒక పెద్దాయనను రాత్రిపూట వంతెన దిగగానే, ఊరిని కాపాడతానంటూ ముసుగేసుకుని తిరిగే ఒక కుర్రాడు ఆపాడు. బెల్లం గుడుంబాకే అని తేల్చేశాడు. పెద్దాయన భుజం మీది తువ్వాలుతోనే చేతులు కట్టి గంటన్నర రోడ్డు పక్కన కూర్చోబెట్టాడు. పీఎస్ఐ (పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్) సాహెబు వచ్చి కట్లు విప్పించి, కుర్రాడితో తప్పయిందని చెప్పించి, అందరికీ చాయ్ తెప్పించి, పెద్దాయనను జీపులో ఇంటి దగ్గర దింపి వెళ్లాడు. ఆ రాత్రి వీడియో చూసినవాళ్లంతా ఎంత మంచి సాహెబు, ఎంత మంచి పిలగాడు అని ఒకటే మెచ్చుకోలు. మేము కూడా చూశాం. ఒకటికి నాలుగుసార్లు చూశాం.

ఊరి పేరు, మనుషుల పేర్లు కావాలనే రాయడం లేదు. ప్రాణహిత ఒడ్డు ఊళ్లలో ఆ కుర్రాడు ఎవరో తెలియనివాళ్లు ఎలాగూ తక్కువ. నల్ల హెల్మెట్టు, వీపు మీద నీలం చీర ముక్క, రొమ్ము మీద బైకుల షాపులో అంటించే రేడియం స్టిక్కరుతో పిడుగు బొమ్మ, మెడలో ఈల. నవ్వొస్తుంది, నిజమే. కానీ వీడియోలో ఆ చీర ముక్క మీద ఇంకొకటి ఉంది. పోలీసు స్టేషన్‌లో వాడే రిఫ్లెక్టర్ జాకెట్టు. వానకు తడుస్తున్నాడని సాహెబే ఇచ్చాడంటున్నారు. దాని మీది 'పోలీస్' అన్న అక్షరాలు సగం స్టిక్కరు కింద దాగి, సగం టార్చి వెలుగులో మెరుస్తున్నాయి. మాకు నవ్వు ఆగిపోయింది అక్కడే.

సాహెబు చెడ్డవాడని మేము అనడం లేదు. ముసుగు కనబడగానే నాలుగు తగిలించి లాకప్‌లో పడేసే స్టేషన్లు మనకు కొత్త కాదు, ఈయన ఆ పని చేయలేదు. కూర్చోబెట్టి మాట్లాడాడు, సొంత నంబరిచ్చాడు, ఏదైనా కనబడితే ముందు నాకు ఫోన్ చెయ్ అన్నాడు. నిదానమైన మనిషి. కుర్రాడికీ దురాశ లేదు, ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు. అతను తిరగడం మొదలయ్యాక ట్యూషన్ల నుంచి ఆడపిల్లలు ధైర్యంగా ఇళ్లకు వస్తున్నారని కొందరు తల్లులు చెబుతున్నారు. సంతోషం.

కానీ రేపు ఇంకొకడు వస్తాడు కదా! వాడు ఈ కుర్రాడంత మంచివాడు కానక్కర్లేదు, వాడిని పట్టుకునే సాహెబు ఈ సాహెబంత నిదానస్తుడు కానక్కర్లేదు, ఈయన బదిలీ అయి వెళ్లిపోయినా జాకెట్టు మాత్రం ఇక్కడే ఉంటుంది. అప్పుడు వంతెన దగ్గర ఎవడు ఎవరిని ఆపినా ఒకటే జవాబు: అప్పుడు వాడు ఆపితే చప్పట్లు కొట్టారు, నేను ఆపితే తప్పా?

గడ్చిరోలిలో 1993 నుంచి మద్య నిషేధం ఉంది. నది దాటితే తెలంగాణలో దుకాణాలు బార్లా తెరిచి ఉంటాయి. కాబట్టి వంతెన దాటే ప్రతి సంచి మీదా అనుమానమే. అలాంటి చోట సంచి విప్పి చూసే హక్కు అంటే మాటలా? దాని ధర ఎంతో ఇక్కడ మామూళ్లు తినేవాళ్లకు బాగా తెలుసు. ఈ రోజు ఊరికే చేస్తున్న పనిని రేపు డబ్బుకు చేసేవాడు రాడని సాహెబు హామీ ఇవ్వగలడా?

చట్టం మామూలు మనిషి చేతులు కట్టేయలేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జులై నుంచి అమల్లో ఉన్న నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం ఎవరైనా సరే నేరస్థుడిని పట్టుకోవచ్చు. అయితే బెయిలు దొరకని, వారెంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరం కళ్లముందు జరగాలి, లేదంటే వాడు కోర్టు ప్రకటించిన పరారీ నేరస్థుడై ఉండాలి. పట్టుకున్నాక ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. బెల్లం మొయ్యడం ఇందులో దేని కిందికి వస్తుంది? రాకపోతే ఆ గంటన్నరను అక్రమ నిర్బంధం అనాలి, దానికీ సెక్షన్ ఉంది. అది సాహెబుకు మేము చెప్పాలా?

ఇంద్రావతి అవతల ఛత్తీస్‌గఢ్‌లో ఏం జరిగిందో మన తాలూకాల్లో పెద్దవాళ్లను అడగండి. 2005లో మావోయిస్టుల మీదికి లేపిన సల్వాజుడుం కూడా ఊరి కుర్రాళ్లు ఊరిని కాపాడుకుంటున్నారన్న మాటతోనే మొదలైంది. తర్వాత ఆ కుర్రాళ్లనే ఎస్పీవోలు (స్పెషల్ పోలీసు ఆఫీసర్లు) అన్నారు, తుపాకులిచ్చారు, ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి, ఎన్నో కుటుంబాలు ఖమ్మం అడవుల్లో గుడిసెలు వేసుకున్నాయి. అది రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2011 వచ్చింది. ఈ కుర్రాడిని దానితో పోల్చడం లేదు, అంత మాట అనం. అప్పుడు కూడా మొదట్లో ఎవరూ అంత మాట అనలేదు, అదీ మా బాధ.

మన మహారాష్ట్రలోనే ధూలే జిల్లా రాయిన్‌పాడాలో 2018 జులై 1న పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న పుకారుకు ఐదుగురు సంచార జాతి వాళ్లను కొట్టి చంపారు. కొట్టినవాళ్లు కూడా ఊరిని కాపాడుతున్నామనే అనుకున్నారు. అమెరికాలో సియాటిల్ నగరంలో ఇలాగే ముసుగేసుకుని తిరిగిన ఫీనిక్స్ జోన్స్ 2011లో గొడవ ఆపబోయి జనం మీద పెప్పర్ స్ప్రే కొట్టి అరెస్టయ్యాడు. కేసు పెట్టలేదు గానీ, పోలీసులు అరెస్టయితే చేశారు. జాకెట్టు ఇవ్వలేదు.

సేవ చేయాలన్న తపన ఉంటే దారి లేదా? హోంగార్డు ఉంది. 1967 గ్రామ పోలీసు చట్టం కింద ఊళ్లో పోలీసులకు సాయపడే పోలీస్ పాటిల్ ఊరికొకడు ఉన్నాడు, అతనికి నియామక పత్రం ఉంది, తప్పు చేస్తే తీసేసే అధికారి ఉన్నాడు. ముసుగుకు ఎవరున్నారు? సాహెబు స్నేహం తప్ప ఎవరూ లేరు. ఇలా ఒక మనిషి దయ మీద నడిచేదాన్ని పోలీసింగ్ అనరు.

మాకు తెలిసినంతలో ఆ రాత్రి సంగతి స్టేషన్ డైరీలోకి ఎక్కలేదు. పెద్దాయనకు తెలుగు తప్ప రాదు, స్టేషన్లో రాతకోతలన్నీ మరాఠీలో. ఆయన తరఫున ఫిర్యాదు రాసే దిక్కు లేదు, రాయమని అడిగినవాడూ లేడు. చాయ్ తాగించాం కదా, ఇంకేం కావాలి అన్నట్టుంది వ్యవహారం. సాహెబ్, మీ మంచితనం మీద మాకు అనుమానం లేదు, ఆ మంచితనంతో కాగితం పని ఎగ్గొట్టడం మీదే కోపం. కుర్రాడితో స్నేహం చేయండి, చాయ్ తాగించండి, హోంగార్డు దరఖాస్తు దగ్గరుండి నింపించండి. ముందు ఆ జాకెట్టు వెనక్కి తీసుకోండి. తర్వాత ఆ పెద్దాయన ఇంటికి తెలుగు వచ్చిన కానిస్టేబుల్‌ను పంపి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాయించండి.