అప్పు మనది, పరువు వాళ్ళ చేతిలో ఎందుకు?

ఈఎంఐ తప్పిన మొదటి వారంలో వచ్చే ఫోన్ మర్యాదగానే ఉంటుంది. ‘సార్, పేమెంట్ పెండింగ్‌లో ఉంది, ఈరోజు కట్టేస్తారా?’ అంటారు. నెల దాటేసరికి గొంతు మారుతుంది, నంబర్లు మారతాయి, ‘సార్’ పోయి ‘ఏంటి, కట్టవా?’ వస్తుంది. ఆ తర్వాత ఫోన్ మనకు కాదు, మన బావమరిదికి వెళ్తుంది. ‘మీవాళ్ళు ఫోన్ ఎత్తట్లేదండీ, కొంచెం చెప్పండి’ అని మొదలుపెట్టి బాకీ ఎంతో, ఎన్ని నెలలుగా కట్టడం లేదో అంతా ఏకరువు పెడతారు. ఆ బావమరిది డబ్బు కడతాడని వాళ్ళకేమీ నమ్మకం ఉండదు. సంగతి ఆయనకు తెలిసిపోయిందని మనకు తెలిస్తే చాలు, వాళ్ళ పని అయినట్టే.

పర్సనల్ లోన్‌కు, క్రెడిట్ కార్డు బాకీకి తాకట్టు ఉండదు. బండి అయితే లాక్కెళ్ళవచ్చు, బంగారమైతే వేలం వేయవచ్చు. ఇక్కడ అప్పిచ్చినవాళ్ళ చేతిలో ఏమీ లేదు. కోర్టుకెళ్తే ఏళ్ళు పడుతుంది, చిన్న బాకీకి లాయరు ఖర్చు కూడా గిట్టదు. అందుకే కాగితం మీద లేని తాకట్టు ఒకటి పుట్టుకొచ్చింది. అదే అప్పు తీసుకున్న మనిషి పరువు. కలెక్షన్ ఫోన్ కాల్ అంటే ఆ పరువును జప్తు చేసే ప్రయత్నం. ఈ ఒక్క సంగతి అర్థమైతే ఆ కాల్‌తో ఎలా మాట్లాడాలో చాలావరకు అదే తేలిపోతుంది.

తెలుగు నేల మీద ఈ పద్ధతి ఫోన్‌తో మొదలవలేదు. పేద మహిళలకు గ్రూపులుగా ఇచ్చిన చిన్న అప్పుల వసూళ్ళతో 2010లో వచ్చిన సూక్ష్మరుణ సంక్షోభం గుర్తున్నవాళ్ళు ఇంకా ఊళ్ళలో ఉన్నారు. గ్రూపులో ఒకామె కట్టలేకపోతే మిగతావాళ్ళ మీద ఒత్తిడి పెట్టేవాళ్ళు, వాళ్ళు వచ్చి ఆమె ఇంటి ముందు కూర్చునేవాళ్ళు. ఆత్మహత్యల వార్తలు వరుసగా వచ్చాక అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, డిసెంబరుకు అది చట్టమైంది. ఆ చట్టంలో నాకు నచ్చిన అంశం ఒకటుంది. వాయిదా డబ్బు వసూలు గ్రామ పంచాయతీ కార్యాలయంలోనో, కలెక్టర్ నిర్ణయించిన బహిరంగ స్థలంలోనో జరగాలి తప్ప గడప దగ్గర కాదు. రోగం ఎక్కడుందో దాన్ని రాసినవాళ్ళకు తెలుసు. 2015 డిసెంబరులో విజయవాడలో అధిక వడ్డీ ప్రైవేటు అప్పుల ‘కాల్ మనీ’ వ్యవహారం బయటపడినప్పుడు కూడా జనాన్ని కలవరపెట్టింది వడ్డీ రేటు కన్నా, బాకీ పేరుతో ఆడవాళ్ళను వేధించిన తీరు. 2020లో లోన్ యాప్‌లు వచ్చాయి. ఆ డిసెంబరులో తెలంగాణలో వరుస ఆత్మహత్యల తర్వాత పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి చూస్తే, అక్కడ హెడ్‌సెట్లు పెట్టుకుని బెదిరిస్తున్నది ఎక్కడివాళ్ళో కాదు, జీతం కోసం చేరిన మామూలు కుర్రాళ్ళు, అమ్మాయిలు. గ్రూపు పోయి కాంటాక్ట్ లిస్ట్ వచ్చింది. ఇంటి ముందు కూర్చోవడం పోయి వాట్సాప్‌లో మార్ఫింగ్ ఫొటో వచ్చింది. లోపల నడిచే యంత్రం మాత్రం అదే.

నిబంధనలు లేవా అంటే, కావలసినన్ని ఉన్నాయి. 2022 ఆగస్టు 12న ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వసూలు కాల్స్ ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత చేయకూడదు. సూక్ష్మరుణాలకైతే ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే. బెదిరించకూడదు, పేరు చెప్పకుండా ఫోన్ చేయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. కుటుంబ సభ్యులు, స్నేహితులు, రిఫరెన్స్ ఇచ్చినవాళ్ళ ఏకాంతంలోకి చొరబడకూడదు. ఆ ఏడాది సెప్టెంబరులో వచ్చిన డిజిటల్ రుణాల మార్గదర్శకాలు యాప్‌లు మన కాంటాక్టులు, ఫొటోలు, కాల్ లాగ్ ముట్టుకోవద్దన్నాయి. అప్పు వసూలును ఫలానా ఏజెంటుకు అప్పగిస్తున్నామని, అతను ఫోన్ చేయకముందే మనకు చెప్పాలన్నాయి. సుప్రీంకోర్టు అయితే 2007లోనే, ప్రకాశ్ కౌర్ కేసులో, వసూలుకు కండబలం వాడొద్దని, చట్టం దారినే వెళ్ళమని ఐసీఐసీఐ బ్యాంకుకు గట్టిగా చెప్పింది.

ఇన్ని ఉన్నా ఫోన్ ఎందుకు ఆగదు? నా ఉద్దేశంలో ఒకటే కారణం. ఈ నిబంధనలన్నీ ఏజెంటు ఏం మాట్లాడకూడదో చెబుతాయి, అతను ఏం మాట్లాడాడో రుజువు చేసే బాధ్యత మాత్రం కాల్ అందుకున్నవాడి నెత్తిన పడుతుంది. టెన్షన్‌లో చేతులు వణుకుతున్న మనిషి రికార్డింగ్ బటన్ ఎక్కడ వెతుక్కుంటాడు?

ఎక్కువమందికి తెలియని విషయం ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. రికవరీ ఏజెంట్లకూ కస్టమర్లకూ మధ్య జరిగే ఫోన్ సంభాషణలు రికార్డు కావాలని 2008 ఏప్రిల్‌లోనే ఆర్‌బీఐ బ్యాంకులకు చెప్పింది. ఏజెన్సీ వివరాలు ముందుగా మనకు తెలపాలంది. కస్టమర్ ఫిర్యాదు పెట్టి ఉంటే, అది తేలేదాకా సాధారణంగా ఆ కేసును ఏజెన్సీకి పంపవద్దని కూడా అంది. అంటే మనం అనుకుంటున్నట్టు సాక్ష్యం లేకపోలేదు, అది వాళ్ళ సర్వర్‌లో ఉండాలి. కాబట్టి ఫిర్యాదులో ‘మీ ఏజెంటు తిట్టాడు’ అని రాసి ఊరుకోవద్దు. ‘ఫలానా తేదీన, ఇన్ని గంటలకు, ఈ నంబరు నుంచి వచ్చిన కాల్ రికార్డింగ్ తీసి విని జవాబివ్వండి’ అని రాయండి. రికార్డింగ్ లేదంటే అదొక తప్పు, ఉండి వినకపోతే మరో తప్పు.

ఇక కాల్ సంగతి. ఆ వ్యాపారంలో ‘పీటీపీ’ అని ఒక మాట ఉంది, ప్రామిస్ టు పే. అవతలి మనిషికి కావలసింది మన నోటి వెంట ఒక తేదీ. అతనికి రోజువారీ టార్గెట్ ఉంటుంది, స్క్రీన్ మీద ఆ గడి నింపాలి. ఫోన్ వదిలించుకోవడానికి మనం ‘శుక్రవారం కడతా’ అనేస్తాం. శుక్రవారం కట్టలేం. ఇక శనివారం నుంచి మనం మాట తప్పినవాళ్ళం, వాళ్ళ గొంతు పెంచడానికి మనమే కారణం ఇచ్చినట్టు. కట్టగలమని ఖాయంగా తెలియకపోతే తేదీ చెప్పకండి. ‘ప్రస్తుతం కట్టలేను, ఎంత కట్టగలనో, ఎప్పుడో బ్యాంకుకు మెయిల్‌లో రాస్తాను’ అంటే సరిపోతుంది. కష్టాలన్నీ కథలా చెప్పుకోనక్కర్లేదు. ఉద్యోగం పోయిన సంగతి, ఆసుపత్రి బిల్లు సంగతి వినే ఓపిక అతనికి లేదు, విన్నా తగ్గించే అధికారం అసలే లేదు.

మొదట మనమే అడగాలి. మీ పేరేంటి, ఏ ఏజెన్సీ, ఏ బ్యాంకు తరఫున, ఆథరైజేషన్ లెటర్ మెయిల్ చేస్తారా? నిజమైన ఏజెంటయితే విసుక్కున్నా చెబుతాడు. చెప్పకుండా అరిచేవాడు ఏజెంటే కాకపోవచ్చు. బాకీల జాబితాలు చేతులు మారి మోసగాళ్ళకు చేరడం మామూలైపోయింది. ‘సగం కట్టండి సార్, ఈరోజే సెటిల్ చేస్తాను’ అని వ్యక్తిగత యూపీఐ ఐడీ పంపితే ఒక్క రూపాయి కూడా వేయొద్దు. డబ్బు లోన్ ఖాతాలోకే వెళ్ళాలి. సెటిల్‌మెంట్ నిజమైతే దానికి బ్యాంకు లెటర్‌హెడ్ మీద ఉత్తరం ఉంటుంది, కట్టకముందే వస్తుంది.

నంబర్లన్నీ బ్లాక్ చేసి కూర్చోమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. నేనొప్పుకోను. మనం దొరకకపోవడమే చుట్టాలకు ఫోన్ చేయడానికి వాళ్ళు చూపించే సాకు. బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్‌కు ఒక మెయిల్ పెట్టి, ఇకపై ఈ మెయిల్ ఐడీకే రాయండి, ఫలానా సమయంలో ఫలానా నంబరుకే ఫోన్ చేయండి, ఇంట్లోవాళ్ళకు చేయవద్దు అని రాస్తే ఆ సాకు పోతుంది. మాట నోటి నుంచి కాగితం మీదకు మారిన రోజు ఆటలో సగం బలం మనవైపు వస్తుంది. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. సాధారణ అప్పు మీద దావా వేయడానికి కాలపరిమితి 3 ఏళ్ళు. ఆ గడువు లోపల బాకీని ఒప్పుకుంటూ సంతకంతో రాసినా, కొంత కట్టి ఆ మేరకు రాత ఉన్నా, గడువు మళ్ళీ మొదటి నుంచి లెక్కకు వస్తుంది. కాబట్టి ఏళ్ళనాటి పాత కార్డు బాకీ అంటూ ఎవరైనా ఫోన్ చేస్తే లాయరును అడగకుండా ఏదీ రాయొద్దు. లాయరు ఫీజు ఇచ్చుకోలేనివాళ్ళకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, హెల్ప్‌లైన్ 15100.

బెదిరింపుల్లో ఏది ఉత్తిది, ఏది కాదు? ‘పోలీసులు బయల్దేరారు, సాయంత్రానికి అరెస్ట్’ అన్నది ఉత్తిదే. అప్పు కట్టలేకపోవడం దానంతటది నేరం కాదు, సివిల్ వ్యవహారం. వాట్సాప్‌లో గులాబీ రంగు స్టాంపు, త్రాసు బొమ్మ వేసి వచ్చే ‘కోర్టు వారంట్’ను చూసి భయపడనక్కర్లేదు. అయితే ప్రతి నోటీసూ ఉత్తిదే అనుకుని చెత్తబుట్టలో వేస్తే కొంప మునుగుతుంది. చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద కేసు నిజంగానే వస్తుంది. ఆటో డెబిట్ బౌన్స్‌కు కూడా 2007 నాటి చెల్లింపుల చట్టంలో అలాంటి సెక్షనే ఉంది. నోటీసు అందాక 15 రోజుల్లో కడితే కేసు దాకా వెళ్ళదు. రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది ఏదైనా విప్పి చదవాలి, ఫోన్‌లో అరిచింది ఏదైనా ముందు కాగితం అడగాలి.

చుట్టాల వైపు నుంచి కూడా చూద్దాం. మన మేనమామకో, ఆఫీసులో మేనేజరుకో ఫోన్ వస్తే వాళ్ళు అనాల్సింది రెండు ముక్కలే. ‘నేను గ్యారంటీ సంతకం పెట్టలేదు. మళ్ళీ ఈ నంబరుకు చేస్తే నేనే ఫిర్యాదు చేస్తాను.’ చనిపోయినవాళ్ళ అప్పు విషయంలో మరీ అన్యాయం జరుగుతుంది. దినకర్మలు కూడా కాకముందే ‘మీ నాన్నగారి బాకీ మీరు కట్టాలి’ అని ఫోన్లు వస్తాయి. కో-అప్లికెంటో, గ్యారంటరో అయితే తప్ప వారసులు సొంత జేబులోంచి కట్టాల్సిన పని లేదు. తండ్రి నుంచి సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యత.

ఏజెంటు ఆగకపోతే ముందు బ్యాంకుకు రాతపూర్వక ఫిర్యాదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు. పైసా ఖర్చు లేదు, 14448కి ఫోన్ చేస్తే తెలుగులో దారి చెబుతారు. 2021లో తెచ్చిన పథకంలో మానసిక వేదనకే లక్ష రూపాయల దాకా పరిహారం పెట్టారు. ఆర్‌బీఐ లైసెన్సు లేని యాప్ అయితే అంబుడ్స్‌మన్ ఏమీ చేయలేరు, నేరుగా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930, పోలీస్ స్టేషన్. ఫొటో మార్ఫింగ్ చేస్తామన్నా, ప్రాణహాని అన్నా అప్పు ఎంత ఉందన్న ప్రశ్నే రాదు, అది క్రిమినల్ కేసు.

ఆ 30 రోజుల దగ్గరే నాకు అభ్యంతరం. రోజుకు పదిసార్లు ఫోన్ మోగే ఇంట్లో నెల అంటే చాలా ఎక్కువ. ‘పదేపదే’ ఫోన్ చేయకూడదన్నారు కానీ పదేపదే అంటే ఎన్నిసార్లో చెప్పలేదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఈ తేడా తెలుస్తుంది. అక్కడ బయటి కలెక్షన్ ఏజెన్సీ ఒక బాకీ గురించి 7 రోజుల్లో 7 సార్లకు మించి ఫోన్ చేస్తే చట్టాన్ని మీరినట్టే భావిస్తారు. ఇక ఫోన్ చేయవద్దని ఉత్తరం రాస్తే ఏజెన్సీ ఆపాలి, కావాలంటే కోర్టుకు వెళ్ళాలి. మనకు ఆ రెండూ లేవు. మన సమయ నిబంధన కూడా ఒక రకంగా అప్పు తీసుకున్న ఉద్యోగి మీదికే తిరుగుతుంది. ఉదయం 8 నుంచి రాత్రి 7 అంటే సరిగ్గా అతను పక్కవాళ్ళ మధ్య కూర్చుని పనిచేసే సమయమే కదా.

బ్యాంకుల వాదన నాకు తెలియనిది కాదు. కట్టగలిగి ఎగ్గొట్టేవాళ్ళున్నారు, వాళ్ళ భారం సక్రమంగా కట్టేవాళ్ళ వడ్డీలోకి చేరుతుంది. ఎన్నికల ముందు మాఫీ మాటలు విని చేతులు ముడుచుకునేవాళ్ళూ ఉన్నారు. కానీ అప్పిచ్చే ముందు జీతం స్లిప్పు, సిబిల్ స్కోరు, బ్యాంకు స్టేట్‌మెంట్ చూసుకున్నది వాళ్ళే. ‘రెండు నిమిషాల్లో లోన్’ అని రోజుకు నాలుగు మెసేజీలు పంపిందీ వాళ్ళే. లెక్క తప్పినప్పుడు నష్టంలో కొంత భరించడానికే వడ్డీ అంత ఎక్కువ పెట్టారు. ఆ వడ్డీ తీసుకుంటూనే మన మేనత్తకు ఫోన్ చేసే హక్కు కూడా కావాలంటే ఎలా?

రాష్ట్రాలు చేయగలిగింది కూడా కుదించుకుపోయింది. 2010 చట్టం ఆర్‌బీఐలో నమోదైన ఎన్‌బీఎఫ్‌సీలకు, అంటే బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలకు, వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. అంటే ఊళ్ళో సూక్ష్మరుణం తీసుకున్న మహిళకు పంచాయతీ ఆఫీసు అనే రక్షణ పోయి, ఆర్‌బీఐ పోర్టల్ మిగిలింది. కాబట్టి చేయాల్సింది ఆర్‌బీఐ. వారానికి కాల్స్ ఎన్నో అంకెలో చెప్పాలి. అడిగిన కస్టమర్‌కు కాల్ రికార్డింగ్ వారంలోపు ఇవ్వాలని, ఇవ్వలేకపోతే ఫిర్యాదుదారు చెప్పిందే నిజమని తీసుకుంటామని రాయాలి. మూడో మనిషికి ఫోన్ వెళ్ళిందని తేలిన ప్రతిసారీ జరిమానా ఏజెన్సీకి కాదు, బ్యాంకుకు పడాలి. 2022 సెప్టెంబరులో జార్ఖండ్‌లో వసూలు గొడవలో ఒక గర్భిణి చనిపోయాక ఆర్‌బీఐ ఒక పెద్ద ఫైనాన్స్ కంపెనీని బయటి ఏజెంట్లను వాడకుండా కొన్ని నెలలు ఆపేసింది. ఆ అధికారం చేతిలో ఉందని అప్పుడే తేలింది, దాన్ని వాడటానికి ఇంకొకరు చనిపోయేదాకా ఆగనక్కర్లేదు.