నెమలి కంఠం నుంచి వంకాయ దాకా

ఇంట్లో కంప్యూటరు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనన్న భ్రమతో మేనకోడలి పెళ్లి శుభలేఖ పని నెత్తికెత్తుకున్నాను. నెమలి కంఠం రంగు ఖాయమైంది, ఫైలు వెళ్లింది, నిన్న మధ్యాహ్నం చిక్కడపల్లిలో 500 కార్డులు చేతికొచ్చాయి. కట్ట విప్పి చూస్తే వంకాయ రంగు.

అదైనా లేత వంకాయ కాదు. గుత్తి కూరకు పనికిరాదని రైతుబజారులో ఏరి పక్కన పడేసే ముదురు వంకాయ. వెంటనే సంచిలోంచి లాప్‌టాప్ తీసి కౌంటరు మీద తెరిచి, తెర పక్కన కార్డును ఆనించి పట్టుకున్నాను. ట్యూబులైటు కింద రంగు సరిగా తెలియదని యజమాని అనడంతో ఆయన, నేను, ఆపరేటరు కుర్రవాడు ఊరేగింపుగా ఎండలోకి నడిచాం. ఎండలో కార్డు బ్రహ్మాండంగా వెలిగింది గాని, తెర మీద నా ముఖం తప్ప మరేమీ కనిపించలేదు. పక్కనున్న టీకొట్టు పెద్దాయన కార్డునూ నా ముఖాన్నీ మార్చి మార్చి చూసి, "రెండూ ఒకటే రంగు కదండీ" అని తీర్పు చెప్పారు.

నీడలోకి వచ్చాక ఆపరేటరు లాప్‌టాప్‌లో ఏదో నొక్కాడు. కంటికి హాయిగా ఉండాలని తెరలో నీలాన్ని తగ్గించి పసుపు పులిమే నైట్ లైట్ అనే సెట్టింగు, నేను నెలల తరబడి వేసి మరిచింది, ఆరిపోయి తెర తెల్లబడింది. అది నీలాన్ని మింగుతున్నకొద్దీ నేను నీలం పోస్తూ పోయానన్నమాట. తెర రంగులు వెలుగుతో పుడతాయనీ, ప్రెస్సులో నీలమంటే సయాన్ అనే లేత నీలం సిరా మీద మెజెంటా అనే ముదురు గులాబీ సిరా వేయడమేననీ, మెజెంటా సయాన్ కంటే కనీసం 30 శాతమైనా తక్కువ లేకపోతే ఊదాకు తిరుగుతుందనీ అతడు శాంతంగా వివరించాడు. ఇంత విద్య తెలిసిన మహానుభావుడు అచ్చు వేయకముందు ఒక్క మాట ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ప్రూఫ్ వాట్సాప్‌లో పంపాం కదా సార్, మీరు బొటనవేలు పెట్టారు."

కాగితం మీద పడబోయే రంగును ఫోను తెర మీద చూపించి ప్రూఫ్ అనడం, పెళ్లికూతురిని వదిలేసి ఆమె ఫొటోకు తాళి కట్టించడం లాంటిదన్న జవాబు నాకు ఇంటికొచ్చి స్నానం చేస్తుండగా తోచింది.

అక్కకు లెక్క చెప్పడానికి జేబులోంచి రసీదు తీశాను. దాని మీద ప్రెస్సు పేరు అచ్చంగా నెమలి కంఠం రంగులో ఉంది.