పిరానా సరదా గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ సరదా గారికి,

ఉభయకుశలోపరి. తమరు క్షేమమని వేరే అడగక్కర్లేదు, తమరికెప్పుడూ ఏమీ కాదు. అయ్యేదల్లా చేపలకూ, తమరు వెళ్లిపోయాక బకెట్లు మోసేవాళ్లకూ.

తమరు ఇళ్లలోకి ఎలా దూరతారో తెలిసిందే. గప్పీలూ గోల్డ్‌ఫిష్‌లూ పాతబడ్డాక ఫోన్‌లో పిరానాల వీడియో ఏదో తగులుతుంది, అవే, దక్షిణ అమెరికా నదుల్లోని పదునైన పళ్ల చేపలు. నీళ్లు సలసలా పొంగుతాయి, అందులో పడ్డ మాంసం ముక్క చూస్తుండగానే మాయమవుతుంది. అంతే, తమరు వచ్చి పక్కన కూర్చుని “ఇవి మన హాల్లో ఉంటేనా!” అని చెవిలో ఊదుతారు. ఇంటికొచ్చినవాళ్లు హడలిపోవాలి, పిల్లలు కెవ్వుమనాలి, యజమాని చేతులు కట్టుకుని చిరునవ్వు నవ్వాలి. ఆ ఊహలో అన్నీ ఉంటాయి, ట్యాంకు ఎన్ని లీటర్లన్నది తప్ప.

తమరికి పెద్దల సిఫారసు కూడా ఉందిలెండి. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ బ్రెజిల్ అడవుల్లో తిరిగొచ్చి, 1914లో అచ్చయిన తన పుస్తకంలో ప్రపంచంలోకెల్లా క్రూరమైన చేపలు ఇవేనని రాశాడు. నూరేళ్లు దాటినా తమరు ఆ ఒక్క మాట మీదే బతుకుతున్నారు. తర్వాత ఆన్ మగురన్ అనే శాస్త్రవేత్త బృందం అమెజాన్ ప్రాంతంలో ఎర్రపొట్ట పిరానాలను పరిశీలించి, అవి గుంపు కట్టేది వేట కోసం కాదు, ప్రాణభయంతో అని తేల్చింది. కైమన్ మొసళ్లు, నది డాల్ఫిన్లు, నీటికాకులు వాటిని తింటాయి. ఈ సంగతి తమరి చెవిన పడలేదో, పడినా వినిపించుకోలేదో.

దాని ఫలితం హాల్లో కనిపిస్తుంది. ట్యాంకు వస్తుంది, చేపలు వస్తాయి, చుట్టాలూ వస్తారు. లైటు వేయగానే ఆ రాక్షసులు అదిరిపడి, అద్దానికి మూతులు కొట్టుకుని, దుంగ వెనక ఒకదాని మీద ఒకటి నక్కుతాయి. చుట్టాలు నీళ్లనూ దుంగనూ చూసి, మర్యాదకు “బావున్నాయి” అంటారు. అప్పుడు తమరికి రోషం వచ్చి అద్దం మీద టకటకా కొట్టిస్తారు. ఆ చేపలకు కావలసింది మసక వెలుతురు, నీటిపై తేలే మొక్కలు, దాక్కోవడానికి దుంగలు, ఎవరూ వచ్చిపోని మూల. తమరికి కావలసింది ప్రేక్షకులు. ఈ జాతకాలు ఎక్కడ కలుస్తాయి?

అసలు ఎంపికలోనే తమరి తొందర బయటపడుతుంది. పిల్లలుగా ఉన్నప్పుడు ఎర్రపొట్ట పిరానా, దాని చుట్టమైన పాకూ అనే చేప చూడటానికి ఒకేలా ఉంటాయి. పిరానాకు కింది దవడ ముందుకొచ్చి, త్రికోణపు పళ్లు రంపంలా ఉంటాయి. పాకూ పళ్లు చదునుగా, మనిషి పళ్లలా ఉంటాయి, గింజలు కొరకడానికి. నోట్లోకి చూసే ఓపిక తమరికేదీ? రక్తపిపాసి అనుకుని తెచ్చినది పళ్లూ గింజలూ నమిలే సాత్వికమూర్తి అని, పైగా పిరానాను మించి పెరిగే భారీ మనిషని తెలిసేసరికి ట్యాంకులో అది మళ్లడానికే చోటుండదు.

లేదంటే నల్ల పిరానా కావాలంటారు. 2012లో వెలువడిన ఒక పరిశోధనలో దాని కాటు బలం 320 న్యూటన్ల దాకా తేలింది, తన బరువుకు దాదాపు ముప్పై రెట్లు. ఈ అంకె మాత్రం తమరికి కంఠతా వచ్చు. అది ఒంటరి జీవి, ఒక ట్యాంకుకు ఒకటే అన్న మాట మాత్రం గుర్తుండదు. “మూడు తెద్దాం” అంటారు. తేండి. కొన్నాళ్లకు ఒకటే మిగులుతుంది, బాగా బలిసి.

ఎర్రపొట్టవైతే గుంపులో ఉండాలి. కొన్నప్పుడు రూపాయి బిళ్లంత ఉన్నా, పాతిక సెంటీమీటర్లు దాటుతాయి. నాలుగైదింటికి తక్కువలో తక్కువ 500 లీటర్ల ట్యాంకు కావాలి. అంటే నీళ్ల బరువే అర టన్ను. గాజు, ఇసుక, స్టాండు వేరే. అంత బరువును మేడ మీద గది మోస్తుందా అని తమరు ఎవర్నీ అడగరు. “ఇప్పుడు చిన్నవే కదా, పెద్దయ్యాక చూద్దాం” అని చిన్న ట్యాంకులో కుక్కిస్తారు. ఒకదాన్నొకటి కొరుక్కునేది పిల్లలుగా ఉన్నప్పుడే ఎక్కువ. ఇరుకూ ఆకలీ తోడైతే ముందు రెక్కలు పోతాయి, తర్వాత కళ్లు, ఆపై ఓ పొద్దున లెక్క తప్పుతుంది. రెక్కలైతే మళ్లీ మొలుస్తాయి.

తిండి విషయంలో తమరి ఘనత చెప్పకపోతే ఉత్తరం పూర్తికాదు. వారమంతా పస్తులుంచి, ప్రేక్షకులు చేరాక బతికున్న గోల్డ్‌ఫిష్‌ను వేయిస్తారు. గోల్డ్‌ఫిష్ ఒంట్లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది. దానితోపాటు పురుగులూ రోగాలూ ఉచితం. పిరానాకు రొయ్యలు, చేప ముక్కలు, గుళికలు హాయిగా సరిపోతాయి. ఎదిగినవాటికి రోజూ పెట్టక్కర్లేదు కూడా. కానీ గుళిక తింటున్న పిరానాను చూసి ఎవరూ కెవ్వుమనరు కదా.

తిన్నాక మిగిలిన తునకలు ఎవరు తీస్తారు? వదిలేస్తే కుళ్లి అమ్మోనియా అవుతుంది, అది చేపలకు విషం. దాన్ని ఫిల్టర్‌లో పెరిగే బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చాలి. ఆ నైట్రేట్‌ను వదిలించడానికి వారం వారం మూడో వంతు నీళ్లు మార్చాలి, కొత్త నీళ్లలో క్లోరిన్ పోగొట్టాలి, వేడి 25, 26 డిగ్రీల దగ్గర నిలపాలి. ఫిల్టర్‌లోని స్పాంజిని ట్యాంకు నీళ్లలోనే పిండాలి. కుళాయి కింద కడిగితే అందులోని క్లోరిన్‌కు ఆ బ్యాక్టీరియా చచ్చి కథ మొదటికొస్తుంది. హీటర్ తీగను కూడా పిరానాలు కొరికేయగలవు గనక దానికో తొడుగు ఉండాలి. ఈ పనులప్పుడు తమరు ఎక్కడుంటారో తెలీదు. ఒకవేళ ఉంటే “ఇవి ఉత్త పిరికివి, చెయ్యి పెట్టి చూపించు” అంటూ ఉంటారు. పిరికిదే, కానీ మూలకు నెట్టితే వేలు పోతుంది.

ఒక్కటి మాత్రం తమరికి అంటకుండా పోయింది. ఈ చేపలు మాట్లాడతాయి. ఎర్రపొట్ట పిరానాలు మూడు రకాల శబ్దాలు చేస్తాయని 2011లో బెల్జియం పరిశోధకులు ప్రకటించారు. ఎదురెదురుగా నిలబడి బెదిరించుకునేటప్పుడు ఒకటి, తిండి దగ్గర గొడవకు ఇంకొకటి, తరుముతూ పళ్లు కొరికేటప్పుడు మరొకటి. ముందు తిట్టుకోవడం, కుదరకపోతేనే కొరుక్కోవడం. గదిలో సందడి తగ్గించి ఓపిగ్గా కూర్చున్నవాళ్లకు ఆ పెత్తనాలూ అలకలూ కనబడతాయి. తమరికి ఓపిక అన్న మాటే గిట్టదాయె.

అవి పదేళ్లకు పైగా బతుకుతాయి. తమరు ఏడాది తిరక్కుండానే తీరిపోతారు. పోతూ పోతూ “ఏ చెరువులోనో వదిలేద్దాం” అనే సలహా మాత్రం మర్చిపోకుండా ఇస్తారు. తమరి సలహాల్లోకెల్లా పరమ దుర్మార్గమైనది ఇదే. వీటిని పెంచడమే చాలాచోట్ల నిషేధం. కొనకముందే కనుక్కోవాలన్నదీ తమరు దాటేసే సంగతే.

కాబట్టి తమరికొక షరతు. ఈసారి ఏ ఇంట్లో కాలుపెట్టినా ముందు పెద్ద ట్యాంకు పెట్టించి, నీళ్లు నింపి, ఫిల్టర్ ఆన్ చేయించి, ఆ బ్యాక్టీరియా పెరగడానికి చుక్కలు చుక్కలుగా అమ్మోనియా వేయిస్తూ దాని ముందు కూర్చోండి. నాలుగు నుంచి ఆరు వారాలు. చేప ఒక్కటీ ఉండదు. చూపించడానికి ఏమీ ఉండదు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగిన రోజున కూడా తమరు ఆ ఇంట్లోనే ఉంటే, అప్పుడు చేపల మాట ఎత్తండి.

ఇట్లు,
తమరు ఖాళీ చేసిన ఇళ్లలో ఫిల్టర్లు కడిగే మనిషి