ప్రింట్‌ఎఫ్‌కు దివ్యదృష్టి లేదు

సీ ప్రోగ్రామింగ్ భాషలో విలువలను తెరపై ముద్రించే ఫంక్షన్ ప్రింట్‌ఎఫ్. “ప్రింట్‌ఎఫ్ గురించి కాలేజీలో చెప్పని నాలుగు రహస్యాలు” అన్న సందేశం ఈ నెలలో నాకు ఐదోసారి వచ్చింది. పంపినవారిలో ఇద్దరు సీ భాషను బోధించేవారే కావడం వల్ల ఇక ఊరుకోలేకపోతున్నాను.

దశాంశ సంఖ్యను %డితో (పూర్ణాంకాన్ని ముద్రించమని ప్రింట్‌ఎఫ్‌కు చెప్పే గుర్తు) ముద్రిస్తే పూర్ణాంక భాగం మాత్రమే వస్తుందన్నది మొదటి రహస్యం. రాదు. 3.7ను 3గా చేయాలంటే ముందు దాన్ని ఇంట్‌గా, అంటే పూర్ణాంక రకంగా, కాస్ట్ చేయాలి (మార్చాలి). %డి దేన్నీ మార్చదు, అక్కడున్నది ఇంటేనని నమ్మి చదువుతుంది.

కంపైలర్ (ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే సాధనం) ఇచ్చే వార్నింగులను పట్టించుకోనక్కరలేదన్నది రెండవది. వాటిని చదివే అలవాటుంటే ఈ సందేశం పుట్టేదే కాదు.

అసలు ప్రమాదం మూడవదానిలో ఉంది. “%డి %ఎఫ్” (%ఎఫ్ దశాంశ సంఖ్యకు గుర్తు) అని రాసి విలువలను 3.7, 5 అని తారుమారుగా ఇచ్చినా, ప్రింట్‌ఎఫ్ రకాలను తానే గుర్తుపట్టి “5 3.700000” అని చూపుతుందట, కావాలంటే నడిపి చూసుకోవచ్చట. నడిపి చూశాను. నా 64 బిట్ల లినక్స్ యంత్రంలో అక్షరాలా అలాగే వచ్చింది. అయితే 64 బిట్ల ఎక్స్86 ప్రాసెసర్లపై లినక్స్ పాటించే నియమం ప్రకారం పూర్ణాంకాలు సాధారణ రిజిస్టర్లలోనూ (ప్రాసెసర్‌లోని చిన్న నిల్వ గదులు), డబుల్ విలువలు, అంటే 3.7 వంటి దశాంశ సంఖ్యలు, ఎక్స్‌ఎంఎం అనే వేరే రిజిస్టర్లలోనూ విడివిడిగా వెళతాయి కనుక, %డి తన వరుసలో మొదటిదాన్ని, %ఎఫ్ తన వరుసలో మొదటిదాన్ని తీసుకున్నాయే తప్ప, మనం క్రమం తప్పామన్న సంగతి ఆ రెండింటికీ తెలియనే తెలియదు. అదే ప్రోగ్రామును 32 బిట్లకు కంపైల్ చేస్తే విలువలన్నీ స్టాక్‌పై (మెమరీలోని ఒక భాగం) ఒకే వరుసలో ఉంటాయి కాబట్టి, %డి 3.7లోని దిగువ నాలుగు బైట్లను చదివి -1717986918 అని చూపుతుంది. 64 బిట్ల విండోస్‌లోనూ అంతే. దివ్యదృష్టి గల ఫంక్షన్‌కు విండోస్‌లో మాత్రం చూపు మందగిస్తుంది కాబోలు! సీ ప్రమాణం ఇటువంటి పొరపాటు ఫలితాన్ని అనిర్వచితంగా, అంటే ఏమైనా కావచ్చని, వదిలేసింది. ఒకచోట సరిగా కనిపించడం కూడా ఆ అనిర్వచితంలో భాగమే.

నాలుగవది, %ఎఫ్, %ఎల్‌ఎఫ్ రెండూ ఒకటేనన్నది. ప్రింట్‌ఎఫ్ వరకు ఇది నిజమని ఒప్పుకోక తప్పదు: నాలుగు బైట్ల దశాంశ రకమైన ఫ్లోట్ ఎలాగూ ఎనిమిది బైట్ల డబుల్‌గా మారే వెళుతుంది, సీ99 ప్రమాణం %ఎల్‌ఎఫ్‌ను స్పష్టంగా అనుమతించింది కూడా. అది తప్పని నేనే ఏళ్ల తరబడి విద్యార్థుల మార్కులు కోశాను. కానీ సందేశకర్త అక్కడితో ఆగక, విలువలను లోపలికి చదివే స్కాన్‌ఎఫ్‌కూ ఇదే సూత్రం వర్తిస్తుందన్నారు. స్కాన్‌ఎఫ్‌కు వెళ్లేది విలువ కాదు, మెమరీలో చలరాశి ఉన్న చోటు చిరునామా. అందులో ఏ మార్పిడీ జరగదు. ఫ్లోట్ చిరునామా ఇచ్చి, డబుల్‌ను చదివే %ఎల్‌ఎఫ్ వాడితే, స్కాన్‌ఎఫ్ నాలుగు బైట్ల చోటులో ఎనిమిది బైట్లు రాసి పక్కనున్న చలరాశిని తుడిచిపెడుతుంది.