హెవీ లైసెన్సుకు ముందు ఒక 25 మీటర్లు

మా అక్క కొడుక్కి ఇప్పుడు ఇరవై ఒకటో ఏడు. కారు లైసెన్సు చేతికొచ్చి ఏడాదిన్నర దాటింది కాబట్టి ఇక హెవీకి వెళతానని, లారీయే తన జీవనోపాధి అని పట్టుబట్టాడు. మాది కావలి. నేను పంతొమ్మిదేళ్లు లారీ తోలాను. ఇప్పుడు రెండు బళ్లు పెట్టుకుని చీమకుర్తి రాయికీ, కృష్ణపట్నం పోర్టు లోడ్లకూ తిప్పుకుంటున్నాను. ఆ అనుభవంతోనే, బండి నడపడానికి ఒంటి ఆరోగ్యం సరిపోతుందని డాక్టరు ఇవ్వవలసిన ఫారం 1ఏ ధ్రువపత్రం కోసం వాడు క్లినిక్కుకు బయలుదేరినప్పుడు తోడు వెళ్లాను. వెళ్లకపోయి ఉంటే మా రెండిళ్ల మధ్య ఈ ముభావం వచ్చేది కాదు, నేను ఈ పోస్టు రాయవలసిన అవసరమూ ఉండేది కాదు.

క్లినిక్కు పేరు అనవసరం. డాక్టరుగారు ఫోనులో మాట్లాడుతూనే కాగితం అందుకుని, తల ఎత్తకుండా "జబ్బులేమీ లేవు గదా?" అన్నారు. వీడు "లేవు సార్" అన్నాడు. ముద్ర పడింది, సంతకం పడింది, 300 రూపాయలు చేతులు మారాయి. గోడకు కంటి పరీక్ష అక్షరాల బోర్డు ఉండనే ఉంది, కానీ దాని మీద ఒక మందుల కంపెనీ క్యాలెండరు వేలాడుతోంది. కింద మిగిలిన చిన్న అక్షరాల వరుస ఒక్కటే బయటికి కనిపిస్తోంది. నాకు మాత్రం ఆ క్యాలెండరే మనసులో పడిపోయింది.

ఇంటికి వచ్చాక మా దొడ్లో నిలిపిన లారీ ముందు నుంచి ముప్పై మూడు అంగలు కొలిచాను, అంటే దాదాపు 25 మీటర్లు. మంచి ఎండ. వాణ్ణి అక్కడ నిలబెట్టి ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని నంబరు ప్లేటు చదవమంటే గడగడా చదివేశాడు. కుడి కన్ను మూయించాను. "ఏపీ ముప్పై తొమ్మిది" అని ఆగాడు. ఆ మాత్రం ఎవరైనా చూడకుండానే చెబుతారు, కొన్నేళ్ల పాటు రాష్ట్రమంతటా బళ్లకు వచ్చింది అదే గనక. ఆ తర్వాతి అక్షరాలు గానీ, నాలుగు అంకెలు గానీ వాడికి ఒక మసక ముద్దగా తప్ప కనిపించలేదు. నవ్వుతూ "రెండు కళ్లతో చూస్తే బానే కనబడతది గదా మామా" అన్నాడు. పుట్టి ఇరవై ఏళ్లు దాటినా ఒక కన్ను సరిగా పనిచేయడం లేదని వాడికి తెలియదు. తెలిసే సందర్భమే రాలేదు. కంటి డాక్టరు చూసి, రెండు కళ్ల మధ్య పవరు తేడా చిన్నప్పటి నుంచీ ఎక్కువగా ఉండడం వల్ల మెదడు ఎడమ కంటిని పట్టించుకోవడం మానేసిందని, దీన్నే సోమరి కన్ను అంటారని, బడిలో వేసే వయసులో పట్టుకుని ఉంటే చాలావరకు సరిచేయగలిగేవారని, ఇప్పుడు అద్దాలతో కొంతే మెరుగవుతుందని చెప్పారు.

మా బావకు కోపం వచ్చింది. "సంతకం పడినాక నీకెందుకబ్బా ఈ పరీక్షలు? నీ బండ్లో పెట్టుకోమని మేమేమన్నా అడిగామా?" అన్నాడు. ఆయన్ను నేను తప్పు పట్టను. ఆయన దృష్టిలో ఆ కాగితం ఒక గేటు. గేటు తెరుచుకున్న తర్వాత వెనక్కి తిరిగి తలుపు వేసేవాణ్ణి ఎవరూ ఇష్టపడరు. కానీ ఆ కాగితం ఆఫీసు ఫైలులోకి పోతుంది, కన్ను మాత్రం వాడితో పాటు క్యాబిన్‌లోకి వస్తుంది. లారీ డ్రైవరు కావాలనుకుంటున్న ప్రతి కుర్రవాడికీ, అంతకంటే ముందు వాళ్ల ఇంట్లో పెద్దవాళ్లకూ నేను చెప్పదలచుకున్నది ఇంతే: ధ్రువపత్రం ఎలాగూ వస్తుంది, పరీక్ష మాత్రం మీరు విడిగా, మీ కోసం, శిక్షణకు డబ్బు కట్టకముందే చేయించుకోండి.

చట్టంలో ఈ విషయం లేక కాదు. అభ్యర్థి స్వయంగా సంతకం చేసే ఫారం 1లో, మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి ప్రతి కంటితోనూ మోటారు కారు నంబరు ప్లేటును గుర్తించగలవా అని స్పష్టంగా అడుగుతుంది. రేచీకటి ఉందా, మామూలు హారను వినపడుతుందా, మూర్ఛ గానీ అకస్మాత్తుగా స్పృహ తప్పడం గానీ కళ్లు తిరగడం గానీ ఉందా, చేయి కాలు సరిగా ఉన్నాయా అని కూడా అడుగుతుంది. డాక్టరు నింపే ఫారం 1ఏలో కూడా ఇంచుమించు ఇవే ప్రశ్నలు. మా వాడు వాటన్నిటికీ ఇంటర్నెట్టు సెంటరులో కూర్చుని, ప్రశ్న చదవకుండా, సెంటరువాడు ఎక్కడ టిక్కు పెట్టమంటే అక్కడ పెట్టాడు. ఆ 25 మీటర్లు ఎంత దూరమో ఒక్కసారి లెక్క వేయండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే లారీ సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది, అంటే ఆ 25 మీటర్లూ ఒకటిన్నర సెకను ప్రయాణం. లోడు బండి బ్రేకు వేసి ఆగడానికి ఆ దూరం ఏ మూలకూ చాలదు. అందువల్ల చట్టం అడుగుతున్నది కూడా కనీసమే, ఎక్కువేమీ కాదు.

కొత్తవాళ్లు తరచూ అడిగే లైసెన్సు సంగతులు కొన్ని త్వరగా చెప్పేస్తాను. రవాణా వాహనం నడపడానికి ఇరవై ఏళ్లు నిండాలి. అంతకుముందు తేలికపాటి వాహనం లైసెన్సు కనీసం ఏడాది పాటు ఉండి ఉండాలి. లేకపోతే హెవీకి ఎల్ఎల్ఆరే (నేర్చుకునే దశలో ఇచ్చే లైసెన్సు) ఇవ్వరు. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, తీసిన ముప్పై రోజుల తర్వాతే టెస్టుకు వెళ్లాలి. ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధనను 2019లో తీసేశారు. రవాణా వాహనాల లైసెన్సు గడువు ఒకప్పుడు మూడేళ్లు, ఇప్పుడు అయిదేళ్లు. గ్యాసు, పెట్రోలు, ఆసిడ్ల వంటి ప్రమాదకరమైన సరుకుకు మూడేళ్లు, పైగా దానికి విడిగా శిక్షణ ఉంటుంది. గడువు తీరి ఏడాది దాటనిస్తే మళ్లీ టెస్టు పెడతారు. శిక్షణ విషయంలో, రోడ్డు పక్కన మైదానంలో ఎనిమిది అంకె తిప్పించి పంపేవాళ్ల దగ్గరకు పరుగెత్తే ముందు దర్శిలో డ్రైవింగ్ శిక్షణ, పరిశోధన సంస్థ ఒకటి ఉందన్న సంగతి గుర్తుంచుకోండి.

2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పును కూడా ఇక్కడే ప్రస్తావించాలి. మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని తేలికపాటి వాహనం లైసెన్సుతోనే నడపవచ్చని, విడిగా అనుమతి రాయించుకోనక్కర్లేదని అది తేల్చింది. బీమా కంపెనీలు పరిహారం ఎగ్గొట్టడానికి పట్టుకున్న ఒక సాకు దాంతో పోయింది, పేదవాడికి మేలే జరిగింది, కాదనను. కానీ రొయ్యల మేత బళ్లు, ఐసు బళ్లు, పాల వ్యాన్లు మా తీరం వెంబడి తెల్లవార్లూ తిరుగుతూనే ఉంటాయి. వాటిని నడిపే కుర్రవాళ్లకు ఇప్పుడు నలభై దాటేవరకూ ఆ తూతూమంత్రపు డాక్టరు సంతకం కూడా అవసరం రాదు. చట్టం అడగదు కాబట్టి ఇంట్లోవాళ్లే అడగాలి.

కళ్ల తర్వాత నేను ఎక్కువగా భయపడేది షుగరుకు. నాలుగేళ్ల క్రితం మా బండి టంగుటూరు టోల్‌గేటు దాటిన వెంటనే ఆగిపోయింది. వెనక బళ్లు హారన్లు మోగిస్తున్నా డ్రైవరు కదలడు, పలకడు. చొక్కా మొత్తం చెమటతో తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి. తాగాడనుకున్నారు అందరూ. క్లీనరు కుర్రవాడి తల్లికి షుగరు ఉండడం వల్ల వాడికి ఆ లక్షణాలు తెలుసు. దగ్గర్లో కొట్టు నుంచి చక్కెర తెచ్చి నీళ్లలో కలిపి తాగించాడు. పది, పదిహేను నిమిషాల్లో మనిషి మనిషయ్యాడు. పొద్దున షుగరు మాత్ర వేసుకుని, లోడు ఆలస్యమవుతుందని టిఫిను మానేసి బయలుదేరాడట. రక్తంలో చక్కెర 70 కంటే కిందికి దిగితే జరిగేది అదే. ఇన్సులిను తీసుకునేవాళ్లకూ, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవాళ్లకూ ఈ ప్రమాదం ఎక్కువ. మాత్ర వేసుకుంటే తినాలి, తినకపోతే స్టీరింగు పట్టుకోకూడదు, సీటు పక్కన ఎప్పుడూ చక్కెర పొట్లం ఉండాలి.

నీకు షుగరు ఉన్న సంగతి నాకు ఎందుకు చెప్పలేదని తర్వాత అడిగితే, "చెబితే తీసేస్తారు గదన్నా" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. అంతకు రెండేళ్ల ముందు ఇంకొకతన్ని అదే కారణంతో నేనే మాన్పించాను. డ్రైవర్లు జబ్బు దాస్తారని యజమానులం తిట్టుకుంటాం గానీ, దాచడం నేర్పింది మనమే. షుగరు, బీపీ అదుపులో ఉన్నవాడు ఏళ్ల తరబడి నిక్షేపంగా బండి నడపగలడు. తెలియనివాడూ, తెలిసీ చెప్పలేనివాడూ ప్రమాదం.

మిగతావాటిలో గురకను ఎవరూ జబ్బుగా చూడరు. పెద్దగా గురక పెడుతూ మధ్యమధ్య ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచే మనిషి ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర పోయినట్టు కాదు. పగలు స్టీరింగు మీద మూడు సెకన్లు రెప్ప వాలిందంటే, 60 వేగంతో బండి 50 మీటర్లు తనంతట తాను పోతుంది. భార్యను అడిగితే తెలుస్తుంది, దీనికి డాక్టరు కూడా తర్వాతే. జలుబుకని మెడికల్ షాపులో ఇచ్చే సెట్రిజిన్ వంటి మాత్రలు మత్తు తెస్తాయి, అవి వేసుకున్న రాత్రి లోడు ఎత్తకండి. రేచీకటి విషయంలో మన వైపు మేనరికాలు ఎక్కువ కాబట్టి, ఇంట్లో తాతకో మేనమామకో రాత్రి చూపు తగ్గిన చరిత్ర ఉంటే కంటి వెనక పొరను తప్పకుండా చూపించుకోవాలి. మూర్ఛ ఉన్నవాళ్లకు మాత్రం నేను మెత్తగా చెప్పలేను: మందులతో ఎన్నేళ్లు ఆగినా ఆ ప్రశ్న దగ్గర అబద్ధపు టిక్కు పెట్టి లారీ ఎక్కవద్దు, ఇంకో పని చూసుకోండి. ఎరుపు పచ్చల తేడా కొద్దిగా తెలియనివాళ్లకు 2020లో నిబంధన సడలించారు, కాబట్టి వాళ్లు భయపడి దాచనక్కర్లేదు, అది ఏ మేరకు ఉందో పరీక్షలో తేల్చుకుంటే చాలు.

ఏ ఫారంలోనూ లేని ప్రశ్న ఒకటి మా ప్రాంతానికి ప్రత్యేకంగా ఉండాలని నాకనిపిస్తుంది. కనిగిరి వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగినవాళ్లలో కొందరికి వయసు పైబడకుండానే వెన్ను, మెడ బిగుసుకుపోతాయి. అలాంటి మనిషి నడుస్తాడు, బరువులెత్తుతాడు, చూపు కూడా బాగుంటుంది. కానీ మెడ తిప్పి ఎడమవైపు అద్దంలోకి చూడమంటే నడుముతో సహా తిరుగుతాడు. ఊళ్లో మలుపు తిరిగేటప్పుడు ఎడమవైపు సందులో దూరే సైకిలువాడు వాడికి కనిపించడు. డ్రైవరుకు మెడ ఎంతవరకు తిరుగుతుందో చూడడానికి యంత్రమేదీ అక్కర్లేదు, ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి భుజం మీదుగా చూడమంటే అర నిమిషంలో తేలిపోతుంది.

ఇంత రాసి యజమానుల పని గంటల సంగతి ఎత్తకపోతే నాకే అన్యాయంగా ఉంటుంది. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు అని 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే రాశారు. మనం మాత్రం ఓడ టైముకు రాయి పోర్టులో దిగాలని ఒక్క డ్రైవరునే రాత్రీ పగలూ తోలిస్తాం. ఆ రకంగా రెండేళ్లు నలిగితే, ఫిట్‌గా చేరిన మనిషి కూడా ఫిట్‌గా ఉండడు. అయిదేళ్లకొకసారి పడే సంతకం మధ్యలో జరిగేదాన్ని చూడదు.

మా వాడు అద్దాలు పెట్టుకున్నాడు, మూడు నెలల తర్వాత మళ్లీ చూపించుకోవాలి. ఈలోగా ఎల్ఎల్ఆర్‌కు వెళ్లనని నాకు మాటిచ్చాడు. ఒక వర్క్‌షాపులో లారీ ఎలక్ట్రికల్ పని నేర్చుకుంటున్నాడు. బావ ఇంకా మాట్లాడడం లేదు. నేను మాత్రం మా దొడ్లో ఆ 25 మీటర్ల దగ్గర సున్నంతో ఒక గీత గీయించాను. స్టీరింగు పని అడగడానికి ఎవరొచ్చినా ముందు ఆ గీత మీద నిలబెట్టి ఒక్కో కన్ను మూయిస్తున్నాను. మొన్న క్లీనరు కుర్రవాడు "మీరూ నిలబడండన్నా" అని సరదాకి అంటే నిలబడ్డాను. ఎడమ కంటితో అంతా చదివాను. కుడి కంటితో చివరి అంకె మూడో ఎనిమిదో తేల్చుకోలేక నేనూ ఆగిపోయాను. సోమవారం కంటి డాక్టరు దగ్గరికి వెళుతున్నాను.