జీరో మారదట! సైలెన్సర్ ఫార్వర్డుకి నా జవాబు

డాలస్ చుట్టుపక్కల మన వాళ్లలో రైఫిల్ కొన్నవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు నాకు సైలెన్సర్లు, బ్రేకుల గురించి ఒకటే మెసేజ్ ఫార్వర్డ్ చేస్తున్నారు. రైఫిల్ గొట్టం (బ్యారెల్) చివర బిగించి చప్పుడు తగ్గించే సైలెన్సర్ల మీద 200 డాలర్ల ఫెడరల్ పన్ను 2026 జనవరి నుంచి సున్నా అయ్యాక ఈ గోల మరీ ఎక్కువైంది. పోయింది పన్ను ఒక్కటే, రిజిస్ట్రేషన్ కాగితాలు అలాగే ఉన్నాయి, ఆ సంగతి మాత్రం మెసేజ్‌లో ఎక్కడా లేదు. బ్యారెల్ చివర ఏది బిగించినా గురి పెరుగుతుందని మొదలుపెట్టి, జీరో, అంటే గురిపెట్టిన చోటే తూటా తగిలేలా చేసుకున్న సర్దుబాటు, మారదు కాబట్టి నేరుగా వేటకి వెళ్లిపోవచ్చని ముగించాడు అది రాసిన మహానుభావుడు. పంపేవాళ్లలో సగం మంది ఇంజినీరింగ్ చదివినవాళ్లే, నా ఏడుపంతా అదే.

"ఫ్లాష్ హైడర్ పెడితే మంట ఎవరికీ కనపడదు." కనపడుతుంది. బ్యారెల్ మూతి దగ్గర మంటని చెదరగొట్టే ముక్క అది, చీకట్లో కాల్చేవాడి కళ్లు బైర్లు కమ్మకుండా చూడటం దాని మొదటి పని. తర్వాతిది.

"సైలెన్సర్ బుల్లెట్ వేగం తగ్గిస్తుంది, అందుకే చప్పుడు తగ్గుతుంది." బుల్లెట్‌కి అది తగలనే తగలదు, తగిలిందంటే సైలెన్సర్ వంకరగా కూర్చుందని అర్థం, ఆ రోజు మీ డబ్బులు గోవిందా. బుల్లెట్ వెనకాల వచ్చే వేడి గ్యాసుని లోపలి అరల్లో తిప్పి, చల్లబరిచి, మెల్లగా వదలడమే అది చేసే పని. చాలా రైఫిళ్లలో వేగం కొన్ని అడుగులు పెరుగుతుంది కూడా.

"ఒలింపిక్ షూటర్లు కూడా బ్రేక్ పెట్టుకుంటారు." పెట్టుకోరు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్ఎస్ఎఫ్ నియమాల ప్రకారం రైఫిల్‌కి మజిల్ బ్రేకులు (గ్యాసుని పక్కలకి మళ్లించి తన్ను తగ్గించేవి), కాంపెన్సేటర్లు (మూతి పైకి లేవకుండా ఆపేవి) నిషేధం. టీవీలో 50 మీటర్ల రైఫిల్ చివర మీరు చూసింది గురి చూసే ముందు సైటుని కంటికి ఇంకాస్త దూరం జరపడానికి పెట్టే గొట్టం.

"సైలెన్సర్ ఉంటే చెవులకి ఏమీ అక్కర్లేదు." 160 డెసిబెల్స్ పైన మోగే రైఫిల్ చప్పుడులో అది 20 నుంచి 35 డెసిబెల్స్ మాత్రమే తగ్గిస్తుంది, అంటే ఇంకా 125 పైమాటే. ధ్వని వేగాన్ని దాటిపోయే బుల్లెట్ గాల్లో చేసే చప్పుడుని ఏ సైలెన్సరూ ఆపలేదు. చెవులు మీవి, మీ ఇష్టం.

ఇక అసలుది. "ఏది పెట్టినా, తీసినా జీరో మారదు, రేంజ్‌కి వెళ్లి తూటాలు దండగ చేసుకోకండి." ఇది రాసినవాడు బ్యారెల్‌ని గోడలో పాతిన ఇనుప కడ్డీ అనుకున్నట్టున్నాడు. బుల్లెట్ లోపల పరుగెడుతున్నంతసేపూ బ్యారెల్ వణుకుతుంది. బల్ల అంచున స్కేలు పెట్టి కొడితే కొస ఎలా ఊగుతుందో, కొసకి రబ్బరు కట్టి కొడితే ఆ ఊపు ఎలా మారిపోతుందో చిన్నప్పుడు అందరం చూశాం కదా, ఇక్కడా అంతే. చివర ఒక పౌను బరువు తగిలిస్తే బ్యారెల్ వెంట్రుకవాసి కిందకి వంగుతుంది, వణుకు తీరు మారుతుంది, బుల్లెట్ బయటపడే క్షణానికి మూతి చూసే దిక్కు వేరే అవుతుంది. బరువైన టార్గెట్ బ్యారెల్ మీద తేడా ఒక్కోసారి తెలియదు, వేట రైఫిళ్లకుండే సన్న బ్యారెల్ మీద మాత్రం మామూలుగా తెలుస్తుంది. చాలాసార్లు తూటా కిందకి పోతుంది, పక్కకి పోయేవీ ఉన్నాయి, మీదేదో కాగితం మీద కాల్చి చూస్తే తప్ప తెలియదు.

సరే, 100 గజాల దగ్గర 2 అంగుళాలు కిందకి జరిగిందనుకోండి. "ఓస్ రెండంగుళాలేనా" అంటారు. 300 గజాలకి అది 6 అంగుళాలు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు వెడల్పు మహా అయితే 8 నుంచి 10 అంగుళాలు, అంటే నట్టనడుమకి గురిపెట్టినా మీకున్న వెసులుబాటు 4 లేదా 5. తగిలేది కాలికి. అది చావదు, పడదు, కుంటుకుంటూ పొదల్లోకి పోయి ఎన్నాళ్లకో చస్తుంది, మీరేమో చీకటి పడేదాకా టార్చిలైటు పట్టుకుని నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ తిరుగుతారు. ఎందుకయ్యా అంటే, ఒక ఫార్వర్డు ఓ ఇరవై డాలర్ల తూటాలు మిగిల్చింది!

చేయాల్సిన పనేమో చాలా చిన్నది. సైలెన్సర్ లేకుండా ఒక గ్రూపు (ఒకే చోటికి గురిపెట్టి వరసగా కాల్చే కొన్ని తూటాలు), పెట్టి ఒక గ్రూపు, ఒకే కాగితం మీద, ఒకే బాక్సు తూటాలతో. ప్రతిసారీ ఒకేలా బిగిస్తే ఆ తేడా కూడా ప్రతిసారీ ఒకేలా వస్తుంది, అదొక్కటే మన అదృష్టం. ఎంఓఏ అంటే 100 గజాల దగ్గర దాదాపు ఒక అంగుళం, స్కోప్ గుండీ ఒక్కో క్లిక్కుకి పావు ఎంఓఏ జరిగేదైతే 100 గజాల దగ్గర 2 అంగుళాలకి సుమారు 8 క్లిక్కులు. రైఫిల్ స్టాక్ (భుజానికి ఆనించే భాగం) మీద టేపు ముక్క అంటించి "సైలెన్సర్‌తో పైకి 8" అని రాసుకుంటే అయిపోయింది. మధ్యమధ్యలో సైలెన్సర్ బిగుతుగా ఉందో లేదో చూడండి, వేడెక్కాక మరలు వదులైతే గ్రూపు ఊరంతా తిరుగుతుంది. వేడి సైలెన్సర్ మీంచి లేచే వేడిగాలికి స్కోప్‌లో టార్గెట్ ఈదుతున్నట్టు కనపడుతుంది, దానికి రైఫిల్‌ని తిట్టకండి.

మిగిలింది "బ్రేక్ పెడితే గురి పెరుగుతుంది" అన్నది. దీన్ని మాత్రం కొట్టిపారేయలేను. భుజం మీద తన్ను తగ్గితే ట్రిగ్గర్ నొక్కేముందు కళ్లు మూసుకోవడం, భుజం బిగపట్టడం తగ్గుతాయి, గ్రూపు చిన్నదవుతుంది. మారింది రైఫిల్ కాదు మనిషి అని వాదించవచ్చు, కానీ కాగితం మీద రంధ్రాలకి ఆ తేడా పట్టదు. పైగా 1990ల్లో బ్రౌనింగ్, వించెస్టర్ రైఫిళ్ల మీద బాస్ అనే సరంజామా వచ్చింది, బ్యారెల్ చివర బరువుని ముందుకీ వెనక్కీ తిప్పుతూ మీ తూటాకి సరిపడే చోటు వెతుక్కోవడమే దాని పద్ధతి, అది పనిచేసింది కూడా. అంటే చివర బరువు పెడితే గ్రూపు బాగుపడొచ్చన్నమాట నిజమే.

కాకపోతే బాబూ, చివర బరువు గ్రూపునే మార్చగలిగినప్పుడు ఆ గ్రూపు పడే చోటుని మాత్రం ముట్టుకోకుండా ఎలా వదిలేస్తుంది? మొదటి పాయింటు ఒప్పుకుంటే జీరో మారదన్న పాయింటు దానంతటదే పోతుంది. రెండూ ఒకే మెసేజ్‌లో రాయడానికి చెయ్యెలా వచ్చిందో మరి.

టెక్సస్‌లో జింకల సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలు, ఈలోగా రేంజ్‌కి వెళ్లండి. బ్రేక్ తెచ్చుకునేవాళ్లు మాత్రం దయచేసి చివరి బెంచీ తీసుకోండి, దాని గాలీ చప్పుడూ అంతా పక్కవాడి మొహానికే కొడతాయి.