మహారాజశ్రీ బూస్ట్ గేజ్ గారి సముఖమునకు

మా కారులో కంపెనీ వారే బిగించి పంపిన మహారాజశ్రీ బూస్ట్ గేజ్ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ ఇంజిన్‌లోకి గాలి కుక్కే టర్బో క్షేమం, ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు. ఎండా వానా తగలకుండా, స్టీరింగ్ వెనక అద్దం చాటున చల్లగా ఉన్నారు.

అసలు తమరి ఉద్యోగం ఏమిటో నాకు ఇప్పటికీ పూర్తిగా అంతుపట్టలేదు. బ్రోషర్ ప్రకారం చూస్తే, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లో, గాలి ఒత్తిడి బయటి గాలి కంటే ఎంత ఎక్కువుందో చెప్పడం. టర్బో కుక్కుతుంది, తమరు లెక్క చెబుతారు. బాగానే ఉంది. కానీ ఆ లెక్కతో నిజంగా అవసరం ఉన్నది ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి. అది తన సెన్సర్‌ని తనే చూసుకుంటుంది, టర్బో జోరు తగ్గించే వేస్ట్‌గేట్ ఎప్పుడు తెరవాలో తనే తేల్చుకుంటుంది, ఒత్తిడి మరీ శ్రుతి మించితే పెట్రోల్ కట్ చేసేస్తుంది. ఇంత వ్యవహారంలో తమరి అభిప్రాయం అడిగిన పాపాన పోయినవాళ్లు లేరు. అంతా అయిపోయాక ఓ మాట చెవిన వేస్తారు, తమరు ముల్లు ఊపుతారు. ఉత్సవ విగ్రహానికైనా ఏడాదికోసారే ఊరేగింపు, తమరికి సిగ్నల్ దాటిన ప్రతిసారీ.

పక్కనే ఉన్న స్పీడోమీటర్‌ని చూడండి. అది ఎక్కువే చెబుతుంది, కానీ పద్ధతిగా చెబుతుంది. ఐరోపాలో అమలయ్యే ఐక్యరాజ్యసమితి 39వ నంబరు నిబంధన ప్రకారం అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు. ఎక్కువ చూపితే అసలు వేగంలో పదోవంతు, దాని మీద మరో 4 కిలోమీటర్ల దాకా మాఫీ. 100లో పోతుంటే 114 అన్నా అడిగేవాడు లేడు, 99 అంటే మాత్రం తప్పు. తమరు ఎటు తప్పు చెప్పినా చలానా రాదు.

తమరి వంశంలో పెద్దమనుషులు లేరని కాదు. పాత సాబ్ 900 టర్బోలో ఉన్న పెద్దాయన మొహాన ఒక్క అంకె కూడా ఉండేది కాదు, రంగు పట్టీలే. ఎరుపులోకి వెళ్లకు నాయనా, అంతే. అంకె చెప్పలేదు కాబట్టి ఎవరికీ దొరకలేదు కూడా. పోర్షే వారి ఇంట్లో మాత్రం అన్నదమ్ముల మధ్యే పేచీ. 944 టర్బోలో ఇంజిన్ ఆపేసి ఉన్నా ముల్లు 1 బార్ (సుమారు సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి) దగ్గర ఉంటుంది, బయటి గాలిని కూడా కలుపుకొని చెప్పడం దాని అలవాటు. పూర్తి బూస్ట్‌లో 1.75 చూపిస్తుంది. అదే కంపెనీ అప్పటి 911 టర్బోలో లెక్క సున్నా నుంచి మొదలై 0.8 దగ్గర ఆగుతుంది. మీటర్లు మాత్రమే చూసి పందెం కాస్తే 911 ఆయన ఇల్లు అమ్ముకోవాలి. నిజానికి బూస్ట్ తనదే కాస్త ఎక్కువ.

ఇక మన సంగతి. నేనుండేది అమెరికాలో, డెన్వర్‌లో. సముద్రమట్టానికి 1,600 మీటర్ల ఎత్తు. విశాఖ బీచ్ రోడ్డులో గాలి ఒత్తిడి 101 కిలోపాస్కల్స్ ఉంటే, హైదరాబాద్‌లో 95 దాకా, మా ఊళ్లో 83 చుట్టుపక్కల. మొన్న పొద్దున ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, డ్యాష్‌బోర్డ్ కింద, కారు కంప్యూటర్ లెక్కలు చదివే ఓబీడీ స్కానర్ గుచ్చాను. మ్యానిఫోల్డ్ ఒత్తిడి 83. బయటి గాలి 83. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే సున్నా, రెండో క్లాసు లెక్క. తమరు మాత్రం సున్నాకి కిందికి దిగి, మైనస్ రెండున్నర పీఎస్ఐ (ఒక్కోటి సుమారు 7 కిలోపాస్కల్స్) దగ్గర కూర్చున్నారు. తిరగని ఇంజిన్ గాలి పీల్చడమేమిటి స్వామీ? అప్పుడు తెలిసింది, తమరు కాపురం ఇంకా సముద్రపు ఒడ్డునే పెట్టారని. కారు ఏ కొండెక్కినా తమరు తీసేసేది 101నే. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

పర్యవసానం చూడండి. ఫుల్ థ్రాటిల్‌లో ఈసీయూ 200 కిలోపాస్కల్స్ కావాలందనుకుందాం. డెన్వర్‌లో టర్బో 83 నుంచి అక్కడిదాకా లాక్కురావాలి, అంటే 17 పీఎస్ఐ బూస్ట్. తమరు చెప్పేది 14. విశాఖలో గాలిని రెండు రెట్లు నొక్కితే సరిపోయే టర్బో ఇక్కడ 2.4 రెట్లు నొక్కుతుంది, దానికి వేడెక్కుతుంది, ఆ కష్టం తమరి మొహంలో ఎక్కడా కనపడదు. తమాషా ఏమిటంటే, సిలిండర్లలోకి పోయే గాలి లెక్క చూస్తే రెండు ఊళ్లలోనూ దాదాపు ఒకటే, కాబట్టి పవర్ సంగతి అడిగితే తమరి 14యే న్యాయంగా ఉంది! తప్పు తీసివేత చేసి పనికొచ్చే జవాబు తెచ్చిన పిల్లాడికి మార్కులు వేయాలా, కొట్టేయాలా? ఈ విషయంలో నేనింకా ఊగిసలాడుతూనే ఉన్నాను.

స్కానర్ మాత్రం సత్యహరిశ్చంద్రుడా అంటారేమో. కాదు. మామూలు ఓబీడీలో మ్యానిఫోల్డ్ ఒత్తిడికి ఒక్క బైట్ ఇచ్చారు, 255 కిలోపాస్కల్స్ దాటితే అక్కడే ఆగిపోతుంది. ట్యూనింగ్ పిచ్చి ఉన్నవాళ్లకి అది చాలదు.

మా బావ ఇదంతా వినలేక బయటి గేజ్ ఒకటి కొని ముందు అద్దం పక్క పిల్లర్‌కి అతికించుకున్నాడు. "నీది పద్నాలుగే కదరా, నాది చూడు పదహారు" అని ఒకటే ఫోన్లు. "గొట్టం ఎక్కడ తగిలించావు బావా?" అనడిగితే, ఇంటర్‌కూలర్‌కి ముందట. ఇంటర్‌కూలర్ దాటేసరికి ఒకటి రెండు పీఎస్ఐ అక్కడే ఖర్చైపోతుందని చెబితే నాకు కుళ్లన్నాడు.

తమరి నిదానం గురించి కూడా ఒక మాట. బూస్ట్ ఒక్క క్షణం ఎగిరి పడితే తమరి ముల్లు ఆ ఊసే ఎత్తదు. నేను కాలు తీసేశాక కూడా కాసేపు గత వైభవం చూపిస్తూ ఉంటుంది. ముల్లు ఊగితే కస్టమర్‌కి టెన్షన్, టెన్షన్ వస్తే సర్వీస్ సెంటర్‌కి ఫోన్, అందుకే సాఫ్ట్‌వేర్‌లోనే నున్నగా ఇస్త్రీ చేసి పంపిస్తారు. టెంపరేచర్ ముల్లు సంగతి తెలిసిందే, చాలా కార్లలో కూలెంట్ ఎనభైల నుంచి నూరు దాటేదాకా అది నట్టనడుమ కదలకుండా నిలబడుతుంది. మాజ్దా ఎంఎక్స్-5లో ఆయిల్ ప్రెషర్ గేజ్‌ది ఇంకా ఘోరం. 1995 మోడల్ నుంచి వెనక సెన్సర్ తీసేసి, ప్రెషర్ ఉందా లేదా అని మాత్రమే చెప్పే స్విచ్ పెట్టారు, ముందు ముల్లు మాత్రం యథాతథం. వాళ్లతో పోలిస్తే తమరు నయమేనని ఒప్పుకుంటాను.

కనుక తమరిని పీకించే ఉద్దేశం లేదు. మనవి ఒక్కటే. ఇంజిన్ స్టార్ట్ కాకముందు తాళం తిప్పినప్పుడు ఆ మైనస్ రెండున్నర వేషం మాని, సెన్సర్ చెప్పిన 83ని ఉన్నదున్నట్టు చూపండి. వానొచ్చే ముందు అది ఒకటో రెండో తగ్గుతుంది. బట్టలు ఆరేయాలో వద్దో మా ఆవిడకి చెప్పుకుంటాను.

ఇట్లు,
యాక్సిలరేటర్ మీద కాలు, తమరి మీద కన్ను ఉన్నవాడు